ఓరుగల్లు అగడ్త

ఓరుగల్లు కోటకు వెళ్తే తోరణాల దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తాం కదూ! ఈసారి రాతిగోడ వెలుపలికీ ఓ చూపు వేయండమ్మా. అక్కడున్నది ఉత్త గుంట కాదు, కాకతీయుల అగడ్త. గణపతిదేవుడు మొదలుపెట్టిన కోటను ఆయన కూతురు రుద్రమదేవి పూర్తి చేసింది. 45 బురుజుల రాతికోట చుట్టూ ఈ అగడ్త, దానికవతల మట్టికోట, దానికీ మరో అగడ్త! 1310లో మాలిక్ కాఫూర్ సేన మట్టికోటను గెలిచి ఈ అగడ్త దాకా వచ్చేసరికి ప్రతాపరుద్రుడు సంధి చేసుకున్నాడు. 1323లో రాజ్యం పోయినా అగడ్త మిగిలింది.

ఇప్పుడు కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత హద్దుకు 100 మీటర్లలోపు కొత్త కట్టడాలు కూడవు. కోటలో కాపురముంటున్న ఇల్లాళ్లకు ఇదెంత ఇబ్బందో! వాళ్లు అది భరిస్తుంటే, చూడవచ్చిన మనం పులిహోర తిన్న విస్తరాకులు ఆ అగడ్తలోకే విసిరి వస్తున్నాం.