ప్రథమ బహుమతి వెనక కొరడా

వయొలిన్ విద్వాంసుడు హోసే వైట్ 1836లో క్యూబాలోని మతాన్జాస్‌లో పుట్టాడు. తండ్రి తెల్లవాడు, తల్లి నల్లజాతి స్త్రీ. ఆ ఊరి సంపదంతా చెరకు తోటల బానిసల చెమటే.

1844లో తిరుగుబాటు కుట్ర పేరు చెప్పి స్పానిష్ ప్రభుత్వం నల్లవాళ్లని నిచ్చెనలకు కట్టి కొరడాలతో కొట్టింది. కవి ప్లాసిదోని ఆ ఊళ్లోనే కాల్చి చంపింది. వాద్యకారుల్నీ వదల్లేదు. అప్పటికి వైట్‌కి ఎనిమిదేళ్లు.

1856లో పారిస్ కన్సర్వేటరీలో ప్రథమ బహుమతి కొట్టాడు. ఆ తర్వాత ఎందరికో పాఠాలు చెప్పాడు. 1875లో సొంత దేశం వస్తే, స్వాతంత్ర్య పోరాటం వైపున్నాడని ప్రభుత్వం వెళ్లగొట్టింది. క్యూబాలో బానిసత్వం 1886 దాకా పోలేదు. వైట్ 1918లో పారిస్‌లోనే పోయాడు.

దీన్నంతా ఒక్కడి ‘ప్రతిభ’ అని రాసేస్తే సరిపోదు. ఆ బహుమతి పక్కన 1844ని కూడా పెట్టి చదవాలి మనం.