బంగారమా, పాదరసమా?

పిప్పిపన్ను గుంటను దేనితో పూడ్చాలన్న వివాదం అమెరికాలో ఒక వైద్యసంఘాన్నే కూల్చివేసిందంటే చదువరులకు వింతగా తోచవచ్చు.

బంగారు రేకులను గుంటలో దట్టించడానికి నేర్పూ కావాలి, ధనమూ కావాలి. 1833లో క్రాకూర్ సోదరులు న్యూయార్కుకు తెచ్చిన వెండి, పాదరసాల ముద్ద చవుక, సులభం. అయితే పాదరసం విషం కదా! 1840లో ఏర్పడిన దంతశస్త్రవైద్యుల సంఘం ఆ ముద్దను వాడబోమని సభ్యులచేత ప్రమాణపత్రాలు వ్రాయించుకొన్నది. దానితో చీలికలు పుట్టి, 1856లో సంఘమే అంతరించింది.

1890లలో జి.వి. బ్లాక్ ఆ లోహాల పాళ్ళను సరిదిద్దాడు. బంగారం కొనలేనివారి పళ్ళను ఆ ముద్దే నిలిపింది. పాదరస కాలుష్యాన్ని అరికట్టదలచిన ఐరోపా సమాఖ్య, వైద్యరీత్యా తప్పనిసరైన సందర్భాలలో మినహా, 2025 జనవరి 1 నుండి దానిని నిషేధించింది.

విషాన్ని వదలుకోవడం ఉచితమే. పేదవాని పంటికి బదులేమిటో కూడా చెప్పడం ధర్మం.