సరుకు ఆగిన చోటు

జొన్నలు పాతరేసే ముందు మన పెద్దలు చూసింది మెరక. గట్టి నేల తవ్వి, లోపల గడ్డి పరిచి, గింజ నింపి, పైన మట్టి కప్పేవారు. చెమ్మ తగిలితే ఏడాది తిండి పోయినట్టే. గిడ్డంగికి చోటు ఎంచే విద్యలో మొదటి పాఠం అదే.

రెండోది రేవుల్లో దొరుకుతుంది. 1244 ప్రాంతంలో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును జప్తు చేయబోనని మాటిచ్చాడు. భద్రత ఉన్న చోటికే వర్తకుడు వస్తాడు. 1611లో మచిలీపట్నంలో దిగిన ఇంగ్లీషువాళ్ల ‘ఫ్యాక్టరీ’ కూడా ప్రధానంగా గిడ్డంగే; ఓడ వచ్చేదాకా అద్దకపు బట్టలు దాచుకునే చోటు. రేవు మంచిదే, నేల పల్లం. 1864 నవంబరు 1 నాటి ఉప్పెన దాదాపు 30 వేలమందిని పొట్టన పెట్టుకుంది. రైతు మరవని మెరకను రేవు మరిచింది.

ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు 1850లలో పూర్తయ్యాక ధాన్యం కాలువల మీద పడవెక్కింది. 1893లో కృష్ణపై రైలు వంతెన పడ్డాక బెజవాడ పెద్ద కూడలి అయింది. పడవ దిగి రైలెక్కే చోట సరుకు ఆగక తప్పదు. ఆగిన చోటే గోదాములు లేచాయి. 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1965లో భారత ఆహార సంస్థ వచ్చాయి. వాటి గోదాముల్లో లారీ తొట్టె ఎత్తుకు కట్టిన అరుగు, బస్తాల కింద చెక్క దిమ్మెలు: పాతర నేర్పిన చెమ్మ భయం అక్కడా కనిపిస్తుంది.

ఆపైన చోటును పన్ను నిర్ణయించింది. రాష్ట్రం దాటే అమ్మకంపై కేంద్ర అమ్మకపు పన్ను పడేది. దాన్ని తప్పించుకోవడానికి కంపెనీలు రాష్ట్రానికో డిపో పెట్టుకునేవి. 2017 జూలై 1న జీఎస్టీ రాగానే ఆ అవసరం తీరిపోయింది. చిన్న డిపోలు తగ్గి, మేడ్చల్, శంషాబాద్ వైపు హైదరాబాద్ ఔటర్ రింగురోడ్డు దగ్గర భారీ షెడ్లు లేచాయి.

ఈ ప్రయాణంలో గిడ్డంగి కొనేవాడికి దగ్గరైంది, పండించేవాడికి దూరమైంది. పాతర ఉన్న రైతు ధర వచ్చేదాకా ఆగగలిగాడు. ఇవాళ కళ్లంలో ధాన్యం పోసి, మబ్బు పట్టగానే పట్టా కప్పి, వచ్చిన ధరకు తెగనమ్ముకుంటున్నాడు. ఇకపై చోటు ఎంచేవాళ్లు మెరకను, దారిని చూసినట్టే కళ్లాన్నీ చూడాలి. సరుకు ఆగే చోటు చేరువలో ఉంటేనే రైతు ఆగగలడు.