కానుగను వదిలిన దారి: భారతీయ జీవ ఇంధనాల చరిత్రపై పునఃపరిశీలన

భారతదేశంలో జీవ ఇంధనాల చరిత్రను అడవి ఆముదం, అంటే జత్రోఫా, వైఫల్యంతో మొదలుపెట్టి ఇథనాల్ విజయంతో ముగించడం పరిపాటి అయింది. లోపమంతా కాపు కాయని మొక్కదేనని, చెరకు, ధాన్యం వచ్చి ఆ లోపాన్ని పూడ్చాయని చెప్పే ఈ కథనం ఆధారాల ముందు నిలవదు.

తొలి ఘట్టాలు సుపరిచితాలే. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. 1948లోనే భారతదేశం పవర్ ఆల్కహాల్ చట్టం చేసింది. చమురు సంక్షోభం తర్వాత బ్రెజిల్ 1975లో చెరకు ఇథనాల్‌ను జాతీయ కార్యక్రమంగా చేపట్టింది.

వివాదమంతా 2000 తర్వాతి దశాబ్దానిది. అప్పటికే కర్ణాటక గ్రామాలలో భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా ఆదివాసీ గూడేలలో మహిళా సంఘాలు కానుగ నూనెను ఇంధనంగా మలిచే పనిలో ఉన్నారు. కానుగ గింజ బరువులో దాదాపు మూడో వంతు నూనె ఉంటుంది. ఆ నూనెతో నేరుగా నెమ్మదిగా తిరిగే ఇంజన్లను నడపవచ్చు, మిగిలిన పిండి చేలకు ఎరువవుతుంది. ఆ గూడేలలో ఒకటైన పవర్‌గూడ మహిళల కానుగ నూనె వల్ల తగ్గగల 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది.

అదే ఏడాది ప్రణాళికా సంఘం నియమించిన కమిటీ ప్రధానంగా జత్రోఫాను ఎంచుకుని, 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం కలపాలని ప్రతిపాదించింది. మొక్క త్వరగా కాపుకొస్తుందని, పశువులు ముట్టవని, బంజరులో పెరుగుతుందని ఆశించారు. నీరు లేకపోయినా మొక్క బతికిన మాట నిజమే కాని, నీరూ ఎరువూ లేకుండా గిట్టుబాటయ్యేంత కాయలేదు. పైగా కాగితాల మీద బంజరైన నేల చాలాచోట్ల ఊరి పశువుల మేతభూమి. అంతకంటే బలమైన కారణం ధర. 2006లో చమురు సంస్థల కొనుగోలు ధర లీటరుకు 25 రూపాయలు కాగా, గింజల సేకరణ, రవాణా, నూనెను మెథనాల్‌తో చర్య జరిపి పలచబరిచే ట్రాన్స్‌ఎస్టరిఫికేషన్ ప్రక్రియ కలిసి ఖర్చు దానిని మించిపోయింది. గూడెంలో గానుగాడి అక్కడే ఇంజనులో పోసే నూనెకు ఆ దూరాభారం గాని, ఆ ప్రక్రియ ఖర్చు గాని లేవు. కానుగ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, దిగుబడి చెట్టుచెట్టుకూ మారుతుంది, కరెంటు తీగ వచ్చిన ఊళ్లో దాని అవసరమూ తగ్గుతుంది. కాబట్టి అది దేశమంతటి అవసరాన్ని తీర్చేదని వాదించడం అతిశయోక్తే. అయినా ఓడిపోయింది నూనెగింజ కాదు, ఊరి ఇంధనాన్ని నగర వాహనాల ట్యాంకులోకి మళ్లించిన విధానం.

పెట్రోలులో ఇథనాల్ మిశ్రమం 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. దిగుమతి ఖర్చు తగ్గడం, చెరకు రైతుల బకాయిలు త్వరగా తీరడం కొట్టిపారేయదగ్గవి కావు. కాని దేశం పెట్రోలుకు రెట్టింపు పైగా వాడే డీజిల్‌లో జీవ ఇంధనం వాటా ఒక శాతమైనా లేదు. ఇథనాల్ కోసం మొక్కజొన్నకు గిరాకీ పెరిగి 2024లో దిగుమతులు అవసరమయ్యాయి. భారత ఆహార సంస్థ గోదాముల బియ్యం సైతం డిస్టిలరీలకు వెళుతోంది. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ప్రజలు ఇథనాల్ కర్మాగారాలను ఎదిరించింది నీటి కోసం, గాలి కోసం. తరగని ఇంధనమన్న పేరు ఆహారధాన్యాన్ని, భూగర్భ జలాన్ని లెక్కలోకి తీసుకున్నాకే ఇవ్వదగినది; ఆ లెక్క తేలేవరకు ధాన్యపు ఇథనాల్ విస్తరణను ఆపి, కానుగ వంటి స్థానిక నూనెగింజలపై పరిశోధనకు ప్రభుత్వాలు నిధులివ్వాలి.