ఊగే ఓడపై దిగిన సీ కింగ్

1963 నవంబరు, ఉత్తర అట్లాంటిక్. కెనడా యుద్ధనౌక అసినిబోయిన్ వెనక డెక్కుకు కాస్త పైన సీ కింగ్ హెలికాప్టర్ గాల్లో ఆగి ఉంది. కింద ఓడ ఒక పక్కకు ఒరిగి, లేచి, రెండో పక్కకు ఒరుగుతోంది. ఎనిమిది తొమ్మిది టన్నుల యంత్రం అది. దిగే వేళకు డెక్కు పైకెగసిందా, చక్రాలు విరుగుతాయి. దిగాక ఓడ ఒరిగిందా, జారి సముద్రంలో పడుతుంది. అంత పెద్ద హెలికాప్టర్‌ను మోయాలంటే విమానవాహక నౌకే ఉండాలని ఆనాటి నమ్మకం. సోవియట్ జలాంతర్గాముల వెంట పడాలంటే మాత్రం చిన్న ఓడల మీద నుంచే ఎగరాలి.

కెనడాలోని షియర్‌వాటర్ నౌకాదళ విమాన స్థావరంలో ఉన్న వీఎక్స్-10 ప్రయోగ దళం, ఫెయిరీ ఏవియేషన్ కంపెనీ ఇంజినీర్లు కలిసి దీనికో దారి కనిపెట్టారు. ముందు హెలికాప్టర్ నుంచి సన్నటి తీగ జారుతుంది. డెక్కు సిబ్బంది దాన్ని వెంటనే ముట్టుకోరు. రెక్కలు తిరగడం వల్ల పుట్టిన స్థిర విద్యుత్తు మనిషిని విసిరికొట్టగలదు. ఎర్తింగ్ కడ్డీ తాకించాకే, ఓడ తాలూకు లావుపాటి కేబుల్‌ను ఆ తీగకు తగిలిస్తారు. నెత్తి మీద రెక్కల హోరు, చలికి కొంకర్లు పోయే వేళ్లు, కాళ్ల కింద నిలవని నేల. ఈ గాథలో నా మొదటి దండం వాళ్లకే.

కేబుల్ పైకెళ్లి బిగుసుకుంటుంది. డెక్కు పక్కనే చిన్న గదిలో ల్యాండింగ్ అధికారి కూర్చుని ఉంటాడు. ఆయనా పైలటే. ఆయన కేబుల్‌ను కిందికి లాగుతుంటే పైలట్ ఇంజిన్ జోరు పెంచి పైకి తన్నుకుంటాడు. ఆ పెనుగులాటలోనే హెలికాప్టర్ కుదురుకుంటుంది. అలల నడుమ ఓడ కాసేపు స్తిమితపడే క్షణాలుంటాయి. వాటి కోసం కాచుకుని, అధికారి దిగమంటాడు. హెలికాప్టర్ కడుపు కింది కడ్డీ డెక్కు మీది చట్రంలో పడగానే ఉక్కు దవడలు టక్కున మూసుకుంటాయి. ఆ చట్రమే పట్టాల వెంట కదిలి హెలికాప్టర్‌ను హ్యాంగర్‌లోకి చేరుస్తుంది. ఈ ఏర్పాటుకే బేర్ ట్రాప్ (ఎలుగుబంటి ఉచ్చు) అని పేరు.

మన నౌకాదళంలో 1980లో చేరిన తారాగిరి, మరుసటి ఏడాది వచ్చిన వింధ్యగిరి యుద్ధనౌకలు సీ కింగ్‌లను దించుకున్నది ఈ కెనడా ఏర్పాటుతోనే. సీ కింగ్ కుటుంబానికే చెందిన యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లు విశాఖలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా నుంచి 2024 జూన్ దాకా సేవలందించాయి.

తిరుపతి, చిత్తూరు కాలేజీల నుంచి నేవీకి దరఖాస్తు పెట్టే పిల్లలు పైలట్ కొలువు గురించే ఆరా తీస్తారు. డెక్కు సిబ్బంది కొలువుల గురించి కూడా అడగండర్రా అని వాళ్లకు చెప్పాలని ఉంది.