దస్త్రాల మధ్యకు వచ్చిన శ్వాస

బుద్ధుడికి పరిచారకుడిగా ఉన్న రోజుల్లో మేఘియుడనే భిక్షువు ఒక మామిడితోటను చూసి ముచ్చటపడ్డాడు. అక్కడ ఒంటరిగా కూర్చుని ధ్యానం చేసుకుంటానన్నాడు. కాస్త ఆగమని బుద్ధుడు చెప్పినా వినకుండా వెళ్లాడు. తీరా కూర్చున్నాక కోరికలు, కోపాలు, ఇతరులకు కీడు తలపెట్టే ఊహలు ముసురుకున్నాయి. నిలవలేక తిరిగొచ్చాడు. బుద్ధుడు అతనికి చెప్పిన మాటల్లో ఒకటి సూటిగా ఆ అవస్థకు సంబంధించింది: ఆలోచనల జోరు తెగాలంటే వచ్చే ఊపిరిని, పోయే ఊపిరిని గమనించు. దాని పేరు ఆనాపానసతి. పాలీ గ్రంథం ‘ఉదానం’లో ఉంది ఈ కథ.

ఖజానా కార్యాలయంలో పనిచేసి రిటైరైనదాన్ని నేను. మార్చి నెలాఖరున బిల్లుల కట్టలు మీదపడుతుంటే, కౌంటరు దగ్గర నలుగురు ఒక్కసారే అడుగుతుంటే, ముందున్న అంకె కూడా కంటికి ఆనదు. మేఘియుడికి మామిడితోటైనా దొరికింది. కుర్చీ వదిలి లేవలేని మాలాంటివాళ్లకు ఆ సాధన ఎలా చేరిందన్నది నాకు ఎంతో ఇష్టమైన చరిత్ర.

మన తొట్లకొండ మీద, నాగార్జునకొండలో భిక్షువుల విహారాలు శిథిలాలయ్యాయి. బర్మాలో మాత్రం బౌద్ధం నిలిచింది. 1885లో రాజధాని మాండలే బ్రిటిష్‌వారి వశమై, తీబా రాజును రత్నగిరికి పంపేశాక, ధర్మానికి రాజాశ్రయం పోయింది. ఇక దాన్ని కాపాడవలసింది సామాన్యులేనని తలచిన పండిత భిక్షువు లెడీ సయాడో (1846-1923). ఊరూరా తిరిగి గృహస్థులకు ధ్యానం నేర్పాడు, వాళ్లకు అర్థమయ్యే బర్మీస్‌లో పుస్తకాలు రాశాడు.

ఆయన శిష్యుల్లో సయా తెట్జీ అనే రైతు ఉన్నాడు. రంగూన్ నదికి అవతల ఒడ్డున ఆయన ఊరు. కుర్రతనంలో బియ్యం మిల్లులో లెక్కలు చూసేవాడు. 1903లో కలరా వచ్చి కొడుకునూ కూతురినీ తీసుకుపోయింది. ఆ దుఃఖంతో ఇల్లు విడిచి గురువుల కోసం తిరిగాడు. ఏళ్ల తర్వాత తిరిగొచ్చి, పొలం గట్టునే జనానికి శ్వాస చూడటం నేర్పాడు.

ఆయన దగ్గరికి 1937లో వచ్చినవాడు ఊ బా ఖిన్. అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో గుమాస్తాగా చేరి పైకొచ్చిన మనిషి. 1948లో బర్మా స్వతంత్రమయ్యాక ఆ కార్యాలయానికే అధిపతి అయ్యాడు. 1950లో అక్కడి ఉద్యోగుల కోసం విపశ్యన ధ్యాన సంఘం పెట్టాడు, 1952లో రంగూన్‌లో ధ్యాన కేంద్రం తెరిచాడు. ఒకేసారి రెండుమూడు శాఖల బాధ్యతలు మోస్తూ ధ్యానం నేర్పాడు. ఆయన తీరిక దొరికాక మొదలుపెట్టినవాడు కాదు. అందుకే నాకు ఆయనంటే అంత గౌరవం.

రంగూన్ మన తెలుగువాళ్లకు కొత్త ఊరేమీ కాదు. మా శ్రీకాకుళం వైపు దాన్ని ‘రంగం’ అనేవారు. అక్కడి ఓడరేవులో మూటలు మోసినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. మా అమ్మమ్మ వాళ్లింట్లోంచీ వెళ్లారు. ఆ ఊరి నుంచే ఈ విద్య కూడా వచ్చింది. మాండలేలో పుట్టిన వ్యాపారి సత్యనారాయణ గోయెంకా విడవని మైగ్రేన్‌తో 1955లో ఊ బా ఖిన్‌ను ఆశ్రయించి, 1969లో భారతదేశానికి వచ్చి శిబిరాలు మొదలుపెట్టారు. 1976లో హైదరాబాద్ శివార్లలో, నాగార్జునసాగర్ రోడ్డు మీద ‘ధమ్మఖేత్త’ కేంద్రం ఏర్పడింది. ఇప్పటికీ అక్కడి పదిరోజుల శిబిరంలో మొదటి మూడు రోజులూ ఈ శ్వాస సాధనే.

చేయాల్సింది కొద్దే. వెన్ను నిటారుగా పెట్టి, కళ్లు మూసి, ముక్కుపుటాల దగ్గర, పైపెదవి మీద గాలి తగిలే చోటును గమనించాలి. ప్రాణాయామంలోలా ఊపిరిని బిగబట్టకూడదు, లెక్కపెట్టకూడదు. అది ఎలా ఉంటే అలాగే చూడాలి. మనసు బిల్లుల మీదికి పరిగెత్తితే, దాన్ని కసురుకోకుండా మళ్లీ అక్కడికే తెచ్చుకోవాలి. ఇరవై చింతల మధ్య తిరిగే మనసుకు నిజంగా ఈ క్షణంలో జరుగుతున్నది ఒకటి దొరుకుతుంది. అయిదు నిమిషాలయ్యాక కళ్లు తెరిస్తే కట్టలు అన్నీ అలాగే ఉంటాయి. కానీ ముందు ఏ బిల్లు తీయాలో తెలుస్తుంది.

ఆ అయిదు నిమిషాలు పనిచేయాలంటే, ఏ తొందరా లేని రోజుల్లోనూ కూర్చుని ఉండాలి. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వితే నీళ్లు పడవు. నేను రోజూ తెల్లవారుజామున కూర్చుంటాను కాబట్టే కౌంటరు దగ్గర అది అక్కరకొచ్చింది. ఊ బా ఖిన్ తన కార్యాలయంలో చేసి చూపించిన పని మన కార్యాలయాల్లోనూ జరగాలని నా కోరిక. ఒక ఖాళీ గది, పూటకు పది నిమిషాలు. ఉద్యోగుల కోసం పై అధికారులు అంత చేస్తే చాలు.