కైసరు వాటా ఎంత?

మన జాతీయగీతానికీ తెలుగునేలకూ దగ్గరి సంబంధం ఉంది. 1919లో రవీంద్రనాథ ఠాగూరు దాన్ని ఆంగ్లంలోకి అనువదించింది మదనపల్లెలో. బడిపిల్లలు రోజూ చేసే ప్రతిజ్ఞను 1962లో తెలుగులో రాసినవారు విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు. ఈ రెండూ గర్వంగా చెప్పుకుంటాం. అంతగా చెప్పుకోని మూడో సంగతి ఒకటుంది. ఆ గీతాన్ని పాడకుండా మౌనంగా నిలబడే హక్కు పౌరునికి ఉన్నదని తీర్పు రాసిన న్యాయమూర్తి కూడా తెలుగువారే. ఆయన ఒ. చిన్నప్పరెడ్డి.

కేరళలో యెహోవాసాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు ప్రార్థన సమయంలో అందరితోపాటు లేచి నిలబడేవారు, గీతం మాత్రం పాడేవారు కారు. సంగతి శాసనసభ దాకా వెళ్ళింది. విచారణ సంఘం ఆ పిల్లలు బుద్ధిమంతులనీ, గీతాన్ని అవమానించలేదనీ తేల్చింది. అయినా 1985 జూలైలో వారిని బడి నుంచి పంపివేశారు. హైకోర్టులో వారికి చుక్కెదురైంది.

ఈ చిక్కు ఈనాటిది కాదు. పన్ను గురించి అడిగినవారికి యేసు ఇచ్చిన జవాబులో కైసరుకొక వాటా, దేవునికొక వాటా ఉన్నాయి. రెండిటి నడుమ గీత ఎక్కడ గీయాలో మాత్రం తరతరాల క్రైస్తవులే తేల్చుకోవలసి వచ్చింది. రెండవ శతాబ్దారంభంలో రోమను అధికారి ప్లినీ, చక్రవర్తి ప్రతిమకు ధూపమూ ద్రాక్షారసమూ అర్పించమని వారిని పరీక్షించాడు. మొండికేసినవారికి మరణశిక్ష విధించాడు. చక్రవర్తి కోసం ప్రార్థించడానికి క్రైస్తవులకు అభ్యంతరం లేదు. చక్రవర్తిని ప్రార్థించమంటేనే కాదన్నారు. ఇరవయ్యవ శతాబ్దంలో హిట్లరుకు వందనం చేయనన్న యెహోవాసాక్షులు నిర్బంధ శిబిరాల పాలయ్యారు. పతాకవందనం చేయని వారి పిల్లలను బడి నుంచి తొలగించడం సబబేనని 1940లో అన్న అమెరికా సుప్రీంకోర్టు, 1943లో తన మాట తానే మార్చుకుంది.

మన భాషలో ఈ చిక్కు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. దైవభక్తి, రాజభక్తి, దేశభక్తి... అన్నిటికీ ఒకే భక్తి! గచ్చిబౌలికి కొద్ది మైళ్ళలోనే ఉన్న గోలకొండలో, తానీషా ఖజానాకు చేరవలసిన సొమ్ముతో గుడి కట్టించాడని కంచర్ల గోపన్నను చెరలో పెట్టారని మన సంప్రదాయం చెబుతుంది. ఆ కథలో మనం రాజుపక్షాన లేము, రామదాసు పక్షానే ఉన్నాము. పరాయి మతస్థుని మనస్సాక్షి దగ్గరకు వచ్చేసరికి మాత్రం తానీషా వకాల్తా పుచ్చుకుంటాము.

1986 ఆగస్టు 11న చిన్నప్పరెడ్డి, ఎం.ఎం. దత్‌ల ధర్మాసనం చేసిన పని, గౌరవాన్నీ భక్తినీ విడదీయడం. గీతాన్ని గౌరవించడం పౌరధర్మం, లేచి నిలబడితే అది నెరవేరినట్టే. గొంతు కలపాలని ఏ చట్టమూ చెప్పడం లేదు. విద్యాశాఖ సర్క్యులర్లు చట్టాలు కావు. వాటితో రాజ్యాంగమిచ్చిన వాక్‌స్వేచ్ఛనూ మతస్వేచ్ఛనూ హరించలేరు. ఒకరి నమ్మకం న్యాయమూర్తి బుద్ధికి నచ్చిందా లేదా అన్నది ప్రశ్న కాదు, అది చిత్తశుద్ధితో కూడినదా అన్నదే ప్రశ్న. పిల్లలను తిరిగి బడిలో చేర్చుకోమని ఆదేశించారు.

తెలుగు క్రైస్తవుల్లో అత్యధికులకు జాతీయగీతం పాడడానికి ఏ అభ్యంతరమూ లేదు. త్రిత్వాన్ని ఒప్పుకోని యెహోవాసాక్షులను ప్రధాన సంఘాలు తమవారిగానే లెక్కించవు. తమవారన్నవాళ్ళు కూడా లేని అంత చిన్న గుంపు విషయంలోనే రాజ్యాంగం మాట ఎంత గట్టిదో తెలిసేది.

ముప్ఫై యేళ్ళ తరువాత, 2016 నవంబరు 30న, సినిమాకు ముందు గీతం వినిపించాలనీ అందరూ నిలబడాలనీ సుప్రీంకోర్టు ఆదేశించింది. హైటెక్ సిటీ మల్టీప్లెక్సుల్లోనూ అది అమలైంది. పాడమని అప్పుడూ అనలేదు. కానీ దేశంలో కొన్నిచోట్ల పక్కసీటువాడే తనిఖీదారు అయ్యాడు, నిలబడనివారిపై చేయి చేసుకున్నారు. 2018 జనవరి 9న గీతం వినిపించడాన్ని కోర్టు హాళ్ళ ఇష్టానికి వదిలేసింది.

నాకు ఆ గీతం ఇష్టం, గొంతెత్తి పాడతాను. పక్కన పెదవి కదపకుండా నిలబడినవాడు నా పాటకు అడ్డు రావడం లేదు. ఇవ్వవలసిన గౌరవం అతడు నిలబడి ఇచ్చాడు. లోపలి భక్తిని లెక్క చూపమని అడగడానికి కైసరుకే అధికారం లేనప్పుడు నాకెక్కడిది?